ఎవరూ పోని చలికాలం

అక్టోబరు 9

బల్ల ఎత్తుకుపోయారు.

మూతికి గుడ్డ కట్టుకున్న ఇద్దరు మున్సిపాలిటీ మనుషులు వచ్చి, టీ కొట్టు ముందున్న మా బల్లను చెరో కొస పట్టుకుని బండిలోకి తోసేశారు. నలుగురు ఒకచోట చేరితే కొత్త జ్వరం అంటుకుంటుందట. "ఒరే బాబూ, ఆ బల్ల మీద కూర్చునేవాళ్ళకి ఇక కొత్తగా అంటుకోవడానికి చోటు లేదురా" అన్నాను. వాడు నా వంక చూడకుండా "పైనుంచి ఆర్డరు తాతా" అన్నాడు. పైనుంచి వచ్చేది వానొక్కటే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

పొద్దస్తమానం ఆ బల్ల మీద మాట్లాడేవాణ్ణి. ఇప్పుడు మాట్లాడేందుకు చోటు లేదు. ఇంట్లో మాట్లాడదామంటే కోడలు ఒక మాటకు నాలుగు తిప్పి ఇస్తుంది. అందుకని ఇందులో రాస్తున్నాను. మా కొండ మీది కంకర క్రషర్ వాళ్ళు కొత్త సంవత్సరానికి పంచే డైరీ ఇది. ఏటా కోడలు కాగితాలు చింపి డబ్బాల కింద పరుస్తుంది. ఈ ఏటిది నేను లాక్కున్నాను. నాకొచ్చిన అక్షరాలు కాటా చీటీ నింపడానికి సరిపోయేటన్ని. తప్పులుంటే ఉంటాయి. చదివేది నేనే.

అక్టోబరు 10

క్రషర్ కూడా ఆపేశారు. నేను పుట్టాక ఆ యంత్రం ఇలా ఆగడం చూడలేదు. ఎవరైనా పోతే మాత్రం ఆగేది. మా వీధి మనిషిని నలుగురు మోసుకుని గేటు ముందునుంచి వెళ్తుంటే, వాళ్ళు మలుపు తిరిగేదాకా స్విచ్చి తీసేస్తారు. అది మా పాత మర్యాద. ఈసారి ఎవరూ పోకుండానే ఆగింది.

వీధి వీధంతా ఇంకా అరుస్తూనే మాట్లాడుతోంది. అలవాటు. కోడలు మావాణ్ణి ఉప్పు అందుకోమంటే పక్కింటావిడ ఉప్పు పట్టుకుని వచ్చింది.

అక్టోబరు 14

నర్సమ్మ వచ్చింది. చిన్నపిల్ల. నెత్తి నుంచి కాళ్ళదాకా ప్లాస్టిక్ సంచి తొడుక్కుంది. గుమ్మంలో నిలబడి "ఇంట్లో ఎవరికైనా దగ్గుందా?" అని అడిగింది.

"ఎవరికి లేదో అడుగమ్మా, తొందరగా తేలిపోతుంది" అన్నాను.

"ఎన్నాళ్ళ నుంచి?"

"నాకు పెళ్ళయినప్పటి నుంచి. మావాడికి వాడి పెళ్ళికి ముందు నుంచి. కుర్రాడు నాకంటే చురుకు."

కోడలు లోపల్నుంచి "వంశపారంపర్యం నర్సమ్మగారూ, ఆస్తి అదొక్కటే ఇచ్చారు మామయ్య" అంది.

ఆ పిల్ల రాసుకోవడం ఆపి చూసింది. మా వీధి పద్ధతి ఆమెకు తెలియదు. చెప్పాను. మా దగ్గర మగవాడు మీసం రాగానే దవడ దగ్గర చేరతాడు. దవడ అంటే క్రషర్‌లో బండరాయిని నమిలే నోరు. ఊపిరి కాస్త తగ్గితే బెల్టు దగ్గరికి మారుస్తారు. ఇంకా తగ్గితే కూర్చుని చేసే పని, లారీలు తూచే కాటా గదిలో. తర్వాత టీ కొట్టు ముందు బల్ల. తర్వాత ఇంటి గుమ్మంలో మంచం. మంచం మీదికి వచ్చినవాడు చలికాలం దాటడు. దీన్ని మేం జబ్బు అనం, వంతు అంటాం. నేను మేస్త్రిగా చేసినవాణ్ణి కాబట్టి మిగతావాళ్ళకంటే ఆలస్యంగా బల్ల మీదికి వచ్చాను. మావాడు ఇంకా దవడ దగ్గరే ఉన్నాడు. గట్టివాడు.

"వీధిలో ముసలివాళ్ళు ఎంతమంది తాతా?" అంది.

"నేనూ, గూడ్స్‌బండీ."

గూడ్స్‌బండి అంటే ఎదురింటివాడు. వాడు దగ్గడం మొదలుపెడితే గూడ్సు కదిలినట్టు ఒక్కో పెట్టే లాక్కుంటూ పోతుంది, చివరి పెట్టె దాటేదాకా మాట్లాడకూడదు. నా ఈడువాడే.

నవంబరు 3

కింద ఊళ్ళో జ్వరం కమ్మేసింది. పగలంతా ఆ ఆంబులెన్సు కూత బండ్లు. మేం కొండ వాలులో ఉంటాం కాబట్టి అన్నీ కనబడతాయి, వినబడతాయి.

ఊరివాళ్ళు మా దారికి అడ్డంగా సిమెంటు గొట్టం దొర్లించి పెట్టారు. మాది దగ్గుల వీధట. మేం దిగి వస్తే వాళ్ళకు అంటిస్తామట. గూడ్స్‌బండి గుమ్మంలోంచి అరిచాడు: "జ్వరం మన వీధికి రాదులేరా. వచ్చినా ఒక్కొక్కణ్ణీ చూసి, అయ్యో వీళ్ళలో తినడానికేం మిగల్లేదే అని దణ్ణం పెట్టి పోతుంది."

నవ్వాను. కానీ వస్తే అందరం పోతాం. ఆ సంగతి వీధిలో అందరికీ తెలుసు.

నవంబరు 19

బట్టల కొట్టాయన పోయాడు. హెడ్మాస్టరు పోయాడు. మందుల షాపు అన్నదమ్ములు ఒకే వారంలో పోయారు. వీళ్ళంతా ఊళ్ళో చెయ్యెత్తు మనుషులు. పొద్దున్నే తెల్ల బూట్లేసుకుని నడిచేవాళ్ళు.

కింద ఊళ్ళో మనిషి ముసలివాడై పోతాడు. మా వీధిలో ముసలితనం వచ్చేలోపే పోతాడు. అది ఎప్పుడూ ఉన్నదే. ఈ ఏడు తారుమారైంది.

నవంబరు 20

మా వీధిలో ఎవరూ పోలేదు.

డిసెంబరు 6

స్కూటరు మీద ఒకాయన గొట్టం అవతల బండి ఆపి, ఎవరూ చూడకుండా నడుచుకుంటూ వచ్చాడు. ఊళ్ళో పెద్ద ఉద్యోగం చేసే మనిషి. ముక్కూ మూతీ మూసుకున్నా చొక్కా ఇస్త్రీ చెబుతుంది.

"పెద్దాయనా, కింద పిట్టల్లా రాలిపోతున్నారు. పైన మీకేం కావట్లేదు. ఏం వాడుతున్నారు?" అన్నాడు.

అలాంటి మనిషి మా గుమ్మంలో నిలబడి ఇలా అడగడం నా జీవితంలో ఇదే మొదలు. ఏం చెప్పాలి? నోటికి వచ్చింది చెప్పాను. "మాది రాతి ఛాతీ. తరాల నుంచి రాతిపిండి పీల్చాం. లోపల కాంక్రీటు పోసినట్టు గట్టిపడింది. జ్వరం గోరు కూడా దిగదు."

"అంతేనంటారా?"

"మరి మీరు పోతున్నారు, మేం ఉన్నాం. ఇంకేం సాక్ష్యం కావాలి?"

వెళ్తూ వెళ్తూ కాస్త పిండి దొరుకుతుందా అని అడిగాడు. కిటికీ అంచు మీదది ఊడ్చి కాగితంలో మడిచి ఇచ్చాను. జేబులోంచి నోటు తీశాడు. పుచ్చుకోలేదు. మా దుమ్ము మేం అమ్ముకోం.

డిసెంబరు 9

ఇవాళ ముగ్గురు వచ్చారు.

కోడలు: "మామయ్యా, ఊరికి మట్టి కొడుతున్నారని తెలిస్తే రేపు మన నోట్లో మట్టి కొడతారు."

"నీకు తెలియదు, లోపలికి పో."

"నాకు తెలిసిందల్లా ఒకటే. ఆ కిటికీ ఊడ్చమని నేను ఏడాదిగా మొత్తుకుంటే ఊడ్చలేదు. ఊరివాళ్ళు అడిగితే రోజూ ఊడుస్తున్నారు."

డిసెంబరు 12

ఫోన్లో వీడియోలు తీసే కుర్రవాడొకడు వచ్చి నన్ను గోడ ముందు నిలబెట్టాడు. ఛాతీ మీద పిడికిలితో కొట్టుకుంటూ చెప్పమన్నాడు. కొట్టుకున్నాను. కొట్టుకున్నందుకు దగ్గు వచ్చింది. అది కోసేశాడట. సాయంత్రం మావాడు ఫోన్ తెచ్చి చూపించాడు. ఎన్ని వేలమంది చూశారో చెప్పాడు. "నాన్నా, నువ్వు పెద్ద స్టారువి" అన్నాడు. వాడు నన్ను చూసి అలా నవ్వి చాలా ఏళ్ళయింది.

డిసెంబరు 21

కాలు నిలవక క్రషర్ దాకా నడిచి వెళ్ళాను. పైకి ఎక్కేటప్పుడు మామూలుగా మూడు చోట్ల కూర్చుంటాను. ఇవాళ ఎక్కడా కూర్చోలేదు. గేటు దగ్గర నిలబడ్డాక గుర్తొచ్చింది. కొత్త చెప్పులు తేలిగ్గా ఉన్నాయి, అందుకని.

గేటు పక్క చెట్టు పచ్చగా ఉంది. అది పుట్టుకతోనే బూడిదరంగు జాతి అనుకునేవాణ్ణి.

జనవరి 5

గూడ్స్‌బండి వెల్లకిలా పడుకుని నిద్రపోతున్నాడు. నాలుగేళ్ళుగా గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేవాడు. వాళ్ళావిడ మా కోడలిని పిలుచుకెళ్ళి మరీ చూపించింది, పసిపిల్లాణ్ణి చూపించినట్టు. కొత్త దిండు కుట్టించారు, దాని మహిమ.

మావాడు దగ్గడం మరిచిపోయాడు. పనీ పాటా లేకపోతే అంతే. తిని కూర్చుంటే ఎవడైనా బాగానే ఉంటాడు.

జనవరి 17

చలి ముదిరింది. ఎవరూ పోలేదు.

జనవరి 23

నర్సమ్మ వచ్చింది. ఈసారి సంచి లేదు, మూతికి గుడ్డ మాత్రమే. నా వేలికి క్లిప్పు పెట్టి చూసి, మళ్ళీ పెట్టి చూసింది. అంకె బాగుందట. వీధంతా అలాగే ఉందట.

"తాతా, మీ వీధిలో ఏటా చలికాలంలో ఎంతమంది పోతారు?"

"లెక్క పెట్టం."

"ఈ చలికాలం?"

"ఎవరూ లేరు. రాతి ఛాతీ అమ్మా. వీడియో చూడలేదా?"

"చూశాను. నాకు నవ్వు రాలేదు." ఆ పిల్ల గుమ్మం మీద కూర్చుంది. "జ్వరం మీ దగ్గరికి రాకపోవడానికి ఆ సిమెంటు గొట్టం కారణం. ఊరివాళ్ళే మిమ్మల్ని కాపాడారు, వాళ్ళకి తెలియకుండా. మిగతాది దుమ్ము మహిమ కాదు తాతా. దుమ్ము లేకపోవడం. మీవాళ్ళు పోయేది వంతు వచ్చి కాదు, రాయి లోపలికి పోయి."

"నా ఊపిరితిత్తులు నువ్వు చూశావా?"

"ఎక్స్‌రే తీయిస్తే చూస్తాను."

"నా వంశంలో ఛాతీలన్నీ ఇంతే."

"మీ ఇంటావిడ, అవ్వ వేరే వంశం కదా తాతా. ఆమె ఎలా పోయింది?"

మా ఆవిడ పోయిందీ ఛాతీతోనే. క్రషర్ గేటు ఎప్పుడూ దాటలేదు.

పెరట్లో కోడలు మావాడి పనిబట్టలు తీసి, ఎప్పుడు పిలుస్తారో ఏమోనని, గోడకేసి బాది దులుపుతోంది. మా ఆవిడ కూడా అదే గోడకేసి నా బట్టలు దులిపేది.

నర్సమ్మను వెళ్ళిపొమ్మన్నాను. మళ్ళీ మా ఇంటికి రావద్దన్నాను. ఆ సంగతి ఇక రాయను.

జనవరి 24

"బట్టలు దులపకు" అన్నాను కోడలితో.

"మరి?"

"నీళ్ళల్లో నానబెట్టు."

"మీకెందుకు మామయ్యా ఇవన్నీ?"

బకెట్టు తెచ్చి ఆమె ముందు పెట్టాను.

ఫిబ్రవరి 8

క్రషర్ మేనేజరు కారు వచ్చింది. గొట్టం తీయించేశారు. రోడ్డు పనులు మొదలవుతున్నాయి, కంకర కావాలి, క్రషర్ తెరుస్తున్నారు. నన్ను చూసి చేయి కలపబోయి, జ్వరం గుర్తొచ్చి దణ్ణం పెట్టాడు.

"మేస్త్రీ, నీ వీడియో చూసి మా ఓనరుగారు ఎంత మెచ్చుకున్నారో. బయట ఎవరో దుమ్ము వల్ల రోగాలని పేపర్లో రాయిస్తున్నారు. నీ మాటే మాకు జవాబు."

గేటు మీద ఫ్లెక్సీ కట్టించాడు. నిలువెత్తు నేను. కింద పెద్దక్షరాలు: రాతి ఛాతీకి రోగం రాదు. చూడ్డానికి వీధంతా వెళ్ళింది. మీసం బాగా పడింది.



ఫిబ్రవరి 11

స్విచ్చి వేశారు. కోడలు మళ్ళీ అరుస్తూ మాట్లాడుతోంది.

ఫిబ్రవరి 15

చెట్టు బూడిదరంగుకు తిరిగింది.

ఫిబ్రవరి 16

క్రషర్ దాకా వెళ్దామని బయలుదేరి మొదటి మలుపులోనే కూర్చున్నాను. చెప్పులు అవే.

ఫిబ్రవరి 22

గూడ్స్‌బండి మళ్ళీ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. దిండు అదే. కిటికీలోంచి నన్ను పిలిచాడు.

"ఒరే మేస్త్రీ, నువ్వు చెప్పిన కాంక్రీటు ఎప్పుడు పోశార్రా? నాలోపల కంకర ఆరబోసినట్టుంది."

"మాట్లాడకు, పెట్టెలు దాటనీ."

"ఈసారి గార్డు పెట్టె కూడా కనబడుతోందిరా" అన్నాడు.

"నోర్మూసుకుని పడుకో."

మార్చి 1

గూడ్స్‌బండి పోయాడు.

పొద్దున్నే వాళ్ళావిడ కేక వినబడింది. నేను వెళ్ళేలోపే మేనేజరు ఫోన్ చేసి జ్వరం వ్యాను పిలిపించాడు. ప్లాస్టిక్ వేసుకున్న మనుషులు వాణ్ణి జిప్పు సంచిలో పెట్టి తీసుకెళ్ళారు. ముట్టుకోనివ్వలేదు. మేమెవరం మోయలేదు. వ్యాను గేటు ముందు నుంచి వెళ్ళింది. యంత్రం ఆగలేదు.

మా నాన్నకు ఆగింది. మా అన్నకు ఆగింది. దొంగతనం చేసి దొరికినవాడికి కూడా ఆగింది.

మార్చి 2

మేనేజరు చెబుతున్నాడు, "చూశావా మేస్త్రీ, చివరికి జ్వరం మీ వీధికీ వచ్చింది. అందుకే ఎవరింట్లో వాళ్ళుండాలి."

నర్సమ్మను నేనే వెతుక్కుంటూ వెళ్ళాను. రావద్దన్నది నేనే కాబట్టి వెళ్ళాల్సిందీ నేనే. ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఊపిరి తీసుకుంటుంటే ఆ పిల్లే వచ్చి పక్కన కూర్చుంది. పరీక్ష చేశారట. గూడ్స్‌బండికి జ్వరం లేదు.

"మరి జ్వరమని చెబుతున్నాడేం వాడు?"

"ఈ ఏడు ఏ దగ్గుతో పోయినా జ్వరం ఖాతాలోకే తాతా. అడిగేవాళ్ళు లేకపోతే మీ వీధిలో పోయినవాళ్ళంతా అందులోకే పోతారు. తర్వాత జ్వరం తగ్గిందంటారు. మీరు మామూలుగా పోతూ ఉంటారు."

మళ్ళీ తనే అడిగింది: "దవడ దగ్గర నీళ్ళు చల్లే ఏర్పాటేం లేదా?"

ఉంది. గొట్టం ఉంది, తిప్పే చక్రం ఉంది. తనిఖీ వాళ్ళు వస్తే తిప్పుతారు, వెళ్ళగానే కట్టేస్తారు. నీళ్ళు పడితే పిండి ముద్దయి జల్లెడ మూసుకుపోతుంది, కంకర తగ్గుతుంది. అన్ని క్రషర్లలో అంతే. అదంతా ఆ పిల్లకు చెప్పాను. మేస్త్రిగా ఆ చక్రం కట్టేసిందెవరని మాత్రం ఆమె నన్ను అడగలేదు. అడిగితే బాగుండేది.

మార్చి 3

మావాడు దగ్గుతున్నాడు. పెరట్లో ఉమ్మి, కాలితో మట్టి కప్పడం చూశాను. వెళ్ళి మట్టి తీసి చూశాను. చూడకుండా ఉండాల్సింది.

"రేపట్నుంచి పనికి వెళ్ళకు" అన్నాను.

"వెళ్ళకపోతే?"

"వేరే పని చూసుకో."

"కింద ఊళ్ళో మనకి పని ఎవడిస్తాడు? దగ్గుల వీధివాడంటే గుమ్మం కూడా ఎక్కనివ్వరు. అయినా నువ్వేగా చెప్పావు నాన్నా, రాతి ఛాతీ అని. గేటు మీద కట్టారు కూడా."

"చెప్పాను. ఇప్పుడు కాదంటున్నాను."

"ఏది నమ్మాలి?"

"రెండోది."

"ఎందుకు?"

"మొదటిది గొప్పకి చెప్పాను. రెండోది నీకు చెబుతున్నాను."

వాడు విననట్టే పోయి పడుకున్నాడు. కోడలు పొయ్యి దగ్గర నిలబడి వింటోంది. ఆ మనిషి నోట ఒక్క మాట రాలేదు. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చాక అలా జరగడం నేను చూడలేదు.

మార్చి 4

ఫ్లెక్సీ కోసేశాను. కత్తిపీట తీసుకుని వెళ్ళి నాలుగు మూలలా తాళ్ళు కోశాను. వాచ్‌మన్ "మేస్త్రీ, అది కంపెనీ ఆస్తి" అన్నాడు. "మొహం నాది" అన్నాను. గూడ్స్‌బండి ఇంటి కప్పు కారుతోందని వాడి పెళ్ళాం ఎప్పటి నుంచో అంటోంది. రేకుల మీద పరిచి రాళ్ళు పెట్టాం. నా మొహం ఆకాశంలోకి. కనీసం దానితోనైనా ఒకరికి ఉపయోగం.

మార్చి 5

ఇవాళ జరిగింది ఎంతసేపైనా సరే పూర్తిగా రాస్తాను.

పొద్దున డ్యూటీ మొదలయ్యేలోపే పైకెక్కాను. నాలుగు చోట్ల కూర్చున్నాను. ఎక్కాక దవడ పైనున్న తొట్టిలోకి దిగి, నిన్న సాయంత్రం పోసిన బండరాళ్ళ మీద కూర్చున్నాను. ఆ తొట్టి లోపల ఎన్ని ఏళ్ళు గడిపానో, ఎక్కడ కాలు పెట్టాలో కళ్ళు మూసుకుని చెప్పగలను.

స్విచ్చి దగ్గరికి మావాడే వచ్చాడు. నన్ను చూసి ఆగిపోయాడు.

"నాన్నా, దిగు."

"స్విచ్చి వెయ్యి."

"నాన్నా."

"వెయ్యమంటున్నాను. నన్ను ఇది మెల్లగా నలభై ఏళ్ళు నమిలింది. ఇవాళ తొందరగా నమలనీ. నిన్ను మాత్రం నా కళ్ళ ముందు నమలనివ్వను."

వాడు స్విచ్చి గదిలోంచి బయటికి వచ్చి నిలబడ్డాడు. 

మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. "మేస్త్రీ, మతి పోయిందా నీకు?"

"మతి ఉంది. ఊపిరే పోయింది."

"బయట లారీలు నిలబడిపోయాయి. అక్కడ కూర్చుంటే ఏమవుతుందో తెలుసా?"

"అక్కడ నిలబడి పని చేస్తే ఏమవుతుందో తెలిశాకే వచ్చి కూర్చున్నాను."

పోలీసులకు ఫోన్ చేశాడు. ఇద్దరు కానిస్టేబుళ్ళు వచ్చారు, ఒకడు లావు, ఒకడు కొత్త. లావుపాటివాడు తొట్టి అంచు మీదికి ఎక్కి నా భుజం పట్టుకోబోయాడు. పొద్దున్నుంచీ ఎక్కిన ఆయాసం, పైన పిండి, దగ్గు వచ్చింది. నేను తెప్పించుకోలేదు, దానంతటదే వచ్చింది. వాడు చెయ్యి కాలినట్టు వెనక్కి లాక్కున్నాడు.

"సార్, దగ్గుతున్నాడు సార్."

"దగ్గుల వీధివాణ్ణి. దగ్గక పాటలు పాడతానా?" అన్నాను.

కొత్తవాడు రెండడుగులు వెనక్కి వేశాడు. నాకు అప్పుడు అర్థమైంది. ఊరు మమ్మల్ని తరిమింది ఏ దగ్గుకో, ఆ దగ్గు ముందు ఊరు నిలబడలేదు. మళ్ళీ దగ్గాను. ఈసారి తెప్పించుకునే దగ్గాను.

అంతలో మా వీధి కదిలి వస్తోంది. కోడలు వెళ్ళి ఇంటింటి తలుపూ కొట్టిందట. మొన్న రాత్రి మాట్లాడనిది ఇందుకు. బల్ల మీదివాళ్ళు, కాటా గదివాళ్ళు, గుమ్మంలో మంచం మీదివాళ్ళు కూడా ఇద్దరు. కొందరు నాలుగడుగులకొకసారి దారి పక్కన కూర్చుంటూ, లేస్తూ వచ్చారు. వచ్చినవాళ్ళంతా తొట్టి చుట్టూ చేరి, ఎవరూ చెప్పకుండానే, దగ్గారు. అది విన్నవాడికి తెలుస్తుంది. యంత్రం లేకుండా ఆ చోట అంత చప్పుడు నేనెప్పుడూ వినలేదు. గూడ్స్‌బండి పెళ్ళాం ముందు నిలబడింది. ఆమె దగ్గలేదు. మేనేజరు వంక చూస్తూ నిలబడింది, అంతే.

లావుపాటి కానిస్టేబుల్ జీపు దాకా వెళ్ళి, అక్కడ్నుంచి అరిచాడు: "మీరూ మీరూ చూసుకోండి సార్. ఆంబులెన్సు కావాలంటే పిలవండి, మా పని కాదిది."

మేనేజరు ఓనరుతో ఫోన్లో మాట్లాడాడు. చాలాసేపు మాట్లాడాడు. వచ్చి నా ముందు నిలబడ్డాడు, దూరంగానే.

"ఏం కావాలి మీకు? డబ్బా? గూడ్స్‌బండి ఇంటికి ఏదైనా ఇప్పిస్తాను."

"నీళ్ళు."

"తాగడానికా?"

"దవడకి. బెల్టుకి. జల్లెడకి. యంత్రం తిరుగుతున్నంతసేపూ. ఇంకొకటి. వాడికి వచ్చింది జ్వరం కాదని ఊళ్ళో అందరికీ చెప్పు."

"నీళ్ళు తిప్పితే కంకర సగమైపోతుంది."

"సగమే చెయ్యి. మేమూ సగమే చస్తాం."

రెండోదానికి ఒప్పుకోలేదు. అది నర్సమ్మ చూసుకుంటుంది. మొదటిదానికి తల ఊపలేదు, కాదనలేదు. లారీల హారన్లు మోగుతున్నాయి. ఆ సందులో మావాడు ఎవరినీ అడక్కుండా పెద్ద రెంచి తీసుకుని గొట్టం దగ్గరికి వెళ్ళాడు. చక్రం తుప్పు పట్టి బిగుసుకుపోయింది. రెండు చేతులా వేలాడాడు. దగ్గు వచ్చింది, ఆగాడు, మళ్ళీ వేలాడాడు. తిరిగింది.

ముందు ఎర్రటి తుప్పునీళ్ళు, తర్వాత నీళ్ళు. నేను తొట్టిలోనే ఉన్నాను. నా మీదే పడ్డాయి. మార్చి నెల చన్నీళ్ళు. కోడలు "మామయ్యా, ఇక దిగండి, దీనికి తోడు జలుబు కూడా చేస్తుంది" అంది. దిగాను. మావాడు చెయ్యి అందించాడు. 

అప్పుడు మావాడు స్విచ్చి వేశాడు. రాళ్ళు నలిగాయి. పొగలా లేచే దుమ్ము లేవలేదు. బెల్టు మీద ముద్ద ముద్దగా పడుతోంది. మేనేజరు జల్లెడ వైపు చూసి తల పట్టుకున్నాడు. నాకు చూడముచ్చటగా ఉంది.

మార్చి 6

మధ్యాహ్నం మేనేజరు చక్రం కట్టేయించాడు. మేం ఆరుగురం వెళ్ళి చక్రం పక్కన కూర్చున్నాం. విప్పాడు.

మార్చి 7

కట్టాడు. వెళ్ళాం. విప్పాడు.

మార్చి 9

వీడియో కుర్రవాడు మళ్ళీ వచ్చాడు. ఛాతీ మీద కొట్టుకోమన్నాడు. "కొట్టను. దగ్గుతాను. కొయ్యకుండా వేస్తావా?" అన్నాను. ఆలోచించి చెబుతానన్నాడు. ఇంకా ఆలోచిస్తున్నాడు.

మార్చి 15

నర్సమ్మ మాట నెగ్గింది. గూడ్స్‌బండి ఏ జబ్బుతో పోయాడో ఆస్పత్రి గోడ మీద బోర్డులో రాసిపెట్టారు. పోయినవాళ్ళ లెక్కకి మా వీధి పేరుతో విడిగా ఒక గీత గీశారు, జ్వరం గీత పక్కన. ఎక్స్‌రేకి మావాణ్ణి తీసుకెళ్ళింది. వాడి లోపల కూడా రాయి ఉంది. మొదట్లోనే ఉందట. ఇంకా పీల్చకపోతే అక్కడే ఆగుతుందట. నాది ఆగదు. అడిగి తెలుసుకున్నాను. సరే.

మార్చి 21

మావాడు ఇంటికి వచ్చాడు. నెత్తి నుంచి మోకాళ్ళ దాకా బురద. సగం పని, సగం కూలీ, ముఖం గంటు పెట్టుకుని నాతో ఇంకా సరిగ్గా మాట్లాడడు. బట్టలు విప్పి పెరట్లో పారేశాడు. కోడలు వాటిని బకెట్లో ముంచి, తొక్కి, పిండి, మొదలుపెట్టింది.

"దులిపితే పోయేది. ఇప్పుడు మూడు నీళ్ళు మార్చినా పోవట్లేదు. నీళ్ళు నీళ్ళని కూర్చున్నారు గొప్పగా, ఈ బురద ఉతికేది ఎవరు? ఒక్క రోజు మీరు ఉతకండి మామయ్యా, తెలుస్తుంది. తండ్రికి తగ్గ కొడుకు, చక్రం తిప్పినవాడు చొక్కా తిప్పి వేసుకోవడం నేర్చుకోలేదు. రేపు ఆ మేనేజరు ఇంటికే పంపిస్తాను ఈ మూట..."

మావాడు "చాలించు" అన్నాడు. చాలించలేదు. వీధి మలుపు దాకా వినబడేట్టు తిడుతూనే ఉంది, మధ్యలో ఒక్కసారి కూడా ఆగకుండా, ఆయాసపడకుండా.

తిట్టనీ. అంత తిట్టడానికి ఊపిరుండాలి.